ఎర్ర మఖమల్, నల్ల లైనింగ్

ఆ ఏడు ఎండాకాలం మా ఇంట్లో ఎర్రరంగుకు ప్రవేశం లేదు. మా అత్తమ్మ శాసనం అది. టమాటాలు తప్ప ఎర్రనిది ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. ఆ టమాటాలను కూడా తెచ్చిన వెంటనే ఉల్లిపాయల కింద కప్పెట్టేది.

నా భర్త లబీబ్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. మా నజ్లెత్ బక్తార్ చర్చివాళ్లను ఎడారిలో ఉన్న మార్ నఖ్లా మఠానికి మినీబస్సులో తీసుకెళ్లి తీసుకురావడం అతని పని. అక్టోబరులో ఒకరోజు అందరినీ మఠం దగ్గర దింపి, డీజిల్ కోసం ఒక్కడే వెనక్కి వస్తుంటే ముసుగులు వేసుకున్నవాళ్లు బస్సు ఆపారు. మణికట్టు మీద శిలువ పచ్చబొట్టు చూసి కాల్చారు. దాని గురించి నేను ఇంతకంటే చెప్పను. అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయాయి.

మా వైపు ఇంట్లో మగవాడు పోతే ఆడవాళ్లకు ఏడాది నలుపు. బయటికి పోకూడదు, టీవీ పెట్టకూడదు, పండక్కి బిస్కెట్లు కాల్చకూడదు. రంగు గుడ్డ ముట్టకూడదు, ఎర్రది అసలే ముట్టకూడదు. నేనూ, ఊరంతా ఉమ్ లబీబ్, అంటే లబీబ్ తల్లి, అని పిలిచే మా అత్తమ్మా ఆ ఎనిమిది నెలలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నాలుగు గోడల మధ్య కూర్చున్నాం. నాకు పిల్లలు లేరు. పుట్టింటికి పోతానని నేను అనలేదు, పొమ్మని ఆవిడా అనలేదు. మా ఇద్దరికీ పడదని ఊరంతా అనుకునేది. ఊరు అనుకున్నది నిజమే.

జూన్ మొదట్లో మా చర్చి గురువు అబూనా గత్తాస్ వచ్చాడు. చంకలో కాగితం పొట్లం. ఆయన చాలా మంచివాడు, అంతే భయస్తుడు కూడా. టీ ఇస్తే, గ్లాసు మూతిదాకా తీసుకెళ్లి మళ్లీ కింద పెట్టాడు.

"యుస్తీనా, ఈ ఏడాది తొడుగు సంగతి..." అన్నాడు నాతో.

మఠంలో మార్ నఖ్లా ఎముకలు ఒక కొయ్యగొట్టంలో ఉంటాయి. గొట్టానికి ఎర్ర మఖమల్ తొడుగు. దాని మీద గుర్రమెక్కిన సాధువు బొమ్మ, జరీ దారంతో. మతం కోసం తల ఇచ్చినవాడు కాబట్టి ఎరుపే వాడాలి. ఏటా జులై చివర్లో ఆయన పండగనాడు సన్యాసులు పాత తొడుగు తీసి, ఎముకలకు సుగంధ ద్రవ్యాలు పూసి, కొత్తది తొడుగుతారు. పాతదాన్ని ముక్కలు చేసి ఇంటికో ముక్క పంచుతారు. ఆ కొత్త తొడుగు కుట్టేది మా ఊరి ఆడవాళ్లు. కుట్టి, ఒళ్లో పెట్టుకుని, ఎడారి దాటించి ఇచ్చేదీ మా ఊరి ఆడవాళ్లే. మా అత్తమ్మ వాళ్ల అమ్మమ్మ గాడిద మీద తీసుకెళ్లిందట. సాధువు మొహం ముప్పై ఏళ్లు మా అత్తమ్మే కుట్టింది. ఆవిడ చూపు మందగించాక ఐదేళ్లుగా ఆ మొహం నాది.

"కుట్టిస్తే చాలు," అన్నాడు అబూనా. "మఠం కారు వచ్చి పట్టుకెళ్తుంది. యాత్రలన్నీ ఆపెయ్యమని పైనుంచి ఆర్డరు. చర్చి బస్సు కనిపిస్తే వెనక్కి పంపేస్తున్నారు. మన మంచికేలే అమ్మా."

"ఎన్నాళ్లు?" అన్నాను.

"ఏమో. పరిస్థితులు చక్కబడేదాకా."

నాకు ఒళ్లు మండిపోయింది. "కాల్చినవాళ్లు తిరుగుతున్నారు. కాల్పించుకున్నవాళ్లం ఇంట్లో కూర్చోవాలి. ఇదేనా మన మంచి? నా మొగుణ్ని తీసుకున్నారు అబూనా. దారిని కూడా ఇచ్చెయ్యమంటారా వాళ్లకి?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఈలోగా మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి పొట్లం వంక చూసింది. కాగితం చిరుగులోంచి వేలెడు ఎరుపు కనిపిస్తోంది.

"అది బయట పెట్టండి," అంది. "ఏడాది తిరగలేదు. మీరు గురువులై ఉండి మర్చిపోతే ఎలా?"

"సాధువు పని కదా ఉమ్ లబీబ్..."

"సాధువుకి ఊరంతా చుట్టాలే. నా కొడుక్కి నేనొక్కదాన్నే." ఆ మాట అని, పొట్లం తనే తీసుకెళ్లి వీధి అరుగు మీద పెట్టి వచ్చింది. అబూనా వెనకాలే పోయాడు, టీ తాగకుండానే.

నేను ఆ పొట్లం తెచ్చేసుకున్నాను. దొంగతనంగా ఏం కాదు, పట్టపగలు, వీధిలో నలుగురూ చూస్తుండగా. కాకపోతే అత్తమ్మ స్నానానికి వెళ్లినప్పుడు. డాబా మీద పావురాల గది పక్కన చట్రం వేసి, మఖమల్ బిగించి కూర్చున్నాను. పక్కింటి మర్తా, ఇంకో నలుగురు డాబాల మీదుగానే వచ్చేవాళ్లు. వాళ్లు అంచులూ శిలువలూ, నేను గుర్రమూ సాధువూ. రొట్టెలు ఎండలో పొంగబెట్టే వంకతో రోజూ ఎక్కేదాన్ని. మా ఇంట్లో అన్ని రొట్టెలు తినేదెవరని అత్తమ్మ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మూడో వారంలో ఒకరోజు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. మర్తా మిగతావాళ్లను తీసుకుని గోడ దాటేసింది. నేను లేవలేదు. లేస్తే తప్పు ఒప్పుకున్నట్టు.

అత్తమ్మ వచ్చి చట్రం ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. నేను తిట్లకు సిద్ధమై, తిరిగి ఏమనాలో కూడా కూర్చుకున్నాను.

"ఆ కన్నేంటే అలా ఉంది?" అంది.

"ఏ కన్ను?"

"ఎడమ కన్ను. సాధువు అమరుడవ్వడానికి పోతున్నాడా, పక్కింటి కోళ్లని చూస్తున్నాడా? మెల్లకన్ను పెట్టావు మహానుభావుడికి."

చూస్తే నిజంగానే మెల్లకన్ను. నాకు నవ్వొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత నవ్వు. ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

ఆవిడ చట్రం పక్కన కూలబడి, కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కుంది. "నేను ఎరుపు ముట్టను. జరీ ముట్టను. నల్లదారం ఎక్కించి ఇలా ఇయ్యి."

సూదిలో నల్లదారం ఎక్కించి ఇచ్చాను. నేను పెట్టిన కంటిపాప ఊడదీసి కొత్తది కుట్టింది. రెండో కన్ను కూడా. ఆ మధ్యాహ్నమంతా నల్లగా ఉండాల్సినవన్నీ వెతికి వెతికి కుట్టింది. సాధువు గడ్డం, గుర్రం డెక్కలు, కళ్లెం, చెప్పు పట్టీ. నల్లవి అయిపోయాక కూడా లేవలేదు.

"గుర్రం జూలు కూడా నల్లగా ఉండేది మా అమ్మమ్మ కాలంలో," అంది.

"ఎప్పుడూ బంగారు రంగే కదా అత్తమ్మా."

"నువ్వు చూశావా మా అమ్మమ్మ కాలం?"

మార్ నఖ్లా గుర్రానికి ఆ ఏడు నల్ల జూలు వచ్చింది.

తొడుగు కుట్టడం వేరు, చేర్చడం వేరు. జులై రెండోవారం వచ్చినా ఎడారి దారి తెరవలేదు. మఠం కారు ఇరవై మూడున వస్తుందని అబూనా కబురు పంపాడు. కారులో పంపను అన్నాను. ఈ ఏడు ఆడవాళ్లు లేకుండా తొడుగు వెళ్లిందంటే, పై ఏడు ఆడవాళ్లు ఎందుకంటారు. ఆ పై ఏడు మఠం ఎందుకంటారు. మర్తా వాళ్లూ అదే మాట మీద ఉన్నారు. కానీ బస్సేదీ?

బస్సు ఉంది. లబీబూ ఖలఫూ కలిసి కొన్న మినీబస్సు. ఖలఫ్ ముస్లిం, లబీబ్‌తో పాటు ఒకే బెంచీ మీద చదివినవాడు. అంత్యక్రియలనాడు శవపేటిక ముందువైపు భుజం పట్టినవాడు, ఆ తర్వాత మా గడప తొక్కలేదు. వాళ్లావిడతో కూరగాయలు పంపేవాడు. బస్సులో టమాటా బుట్టలు వేసుకుని తిరుగుతున్నాడని విన్నాను.

కబురు పెడితే వచ్చాడు, వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా," అన్నాను. "గుమ్మానికి కాపలా అక్కర్లేదు మాకు. తొమ్మిది నెలలు మొహం చాటేశావు, ఇప్పుడు సిగ్గెందుకు?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు చెల్లెమ్మా?" అన్నాడు నేల చూస్తూ. "వాళ్లు నా దేవుడి పేరు చెప్పి కాల్చారు."

"నువ్వు కాల్చావా?"

"అదేం మాట?"

"మరి నీ మొహం నువ్వు పెట్టుకుని రా. మమ్మల్ని మఠానికి తీసుకెళ్లాలి."

ఖలఫ్ తల అడ్డంగా ఊపాడు. భయంతో కాదు. "చెక్‌పోస్టు దాటనివ్వరు చెల్లెమ్మా. కోటలాగా చేశారు. మొన్న పెళ్లివాళ్లని కూడా వెనక్కి పంపారు, పెళ్లికూతురు ఏడుస్తున్నా వినలేదు. చావింటికి పరామర్శకు పోయేవాళ్లని తప్ప ఎవర్నీ వదలడం లేదు. నల్లబట్టల ఆడవాళ్లని ఆపే ధైర్యం ఏ ఆఫీసరుకీ లేదు కదా. ఆపితే ఊళ్లో తలెత్తుకోలేడు."

మూల పీట మీద బీన్స్ ఒలుస్తున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. అప్పటిదాకా మా మాటలు తనవి కానట్టే కూర్చుంది.

"అయితే మనం చావువాళ్లమే కదరా," అంది. "నల్లబట్టలు కొనుక్కోవాలా, ఒంటిమీదే ఉన్నాయి."

నేను ఆవిడ వంక చూశాను. "మనం అంటే? ఏడాది తిరగకుండా గడప దాటనన్నావుగా?"

"పరామర్శకు గడప దాటొచ్చు," అంది. "ఎవరైనా కాదంటే వాళ్లింటికే పరామర్శకు పోతాను."

ఆ సాయంత్రం తొడుగుకి లైనింగ్ వెయ్యాలి. ఎప్పుడూ తెల్ల కాటన్ వేస్తాం. కొలత పెట్టి కత్తెర పట్టుకుంటే అత్తమ్మ నా చేతిలో గుడ్డ లాగేసింది. తన తలమీద ముసుగు, తొమ్మిది నెలలుగా నిద్రలో కూడా తియ్యనిది, తీసి నా ఒళ్లో వేసింది. నెరిసిన జుట్టు అంత పలచబడిందని నాకు అప్పుడే తెలిసింది.

"ఇది వెయ్యి."

"నలుపా? సన్యాసులు ఒప్పుకోరు."

"వాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వు కుట్టు."

కుట్టాను. ఎందుకో పండగ ముందురోజు పొద్దున తెలిసింది. గదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. "నడుముకి చుట్టు. నల్లవైపు నా ఒంటికి, ఎర్రవైపు బయటికి. ఎరుపు నన్ను తాకకూడదు, జాగ్రత్త." చుట్టాను. పైన నల్ల గౌను దించాక ఏమీ తెలియలేదు, కాస్త ఒళ్లు చేసినట్టు ఉందంతే. ఆచారం ఆచారంలాగే ఉంది, సాధువు తొడుగు ఆవిడ నడుముకి ఉంది. ఇంత తెలివి పెట్టుకుని ఆరేళ్లు నాతో ఉప్పు ఎక్కువైందని, కారం తక్కువైందని పోట్లాడింది ఈవిడేనా అనుకున్నాను.

పదహారుమందిమి ఎక్కాం, అందరం నలుపే. మర్తా డప్పుని ఉల్లిపాయల సంచీలో దాచింది. అబూనా గత్తాస్ వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. "నాకేం తెలీదు. నేను మిమ్మల్ని చూడలేదు," అంటూనే సీసాలో పవిత్రజలం నాలుగు టైర్ల మీదా చల్లాడు. ఖలఫ్ మొహం మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. తుడుచుకోలేదు.

డ్రైవరు పక్క కిటికీ అద్దం అక్టోబరు తర్వాత వేసిన కొత్తది. కంపెనీ అంటించిన కాగితం ఇంకా గీకలేదు. అత్తమ్మ ఆ అద్దం వెనక సీటే కావాలని కూర్చుంది. బస్సంతా టమాటా వాసన. సీటు తోలు మీద లబీబ్ అతికించిన టేపు అలాగే ఉంది. నేను దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను.

నేనొక కట్టుకథ సిద్ధం చేశాను. రాతి గనిలో పనిచేసే మా బాబాయి చనిపోయాడు, గని దగ్గరే పరామర్శ. అందరికీ వల్లె వేయించాను. చెక్‌పోస్టు దగ్గర డ్రమ్ములు అడ్డం పెట్టి ఉన్నాయి. ఆఫీసరు కుర్రవాడు, పాతికేళ్లు కూడా ఉండవు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఎక్కడికి?"

"పరామర్శకి సార్," అన్నాడు ఖలఫ్.

"ఎవరు పోయారు?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ కిటికీలోంచి చెప్పింది. "నా కొడుకు."

కథలో ఈ ముక్క లేదు.

"ఎప్పుడు?"

"అక్టోబరులో."

"అక్టోబరులో పోతే ఇప్పుడు పరామర్శేంటమ్మా?"

"నువ్వు దారి మూశావు కదా నాయనా. తెరుస్తావేమోనని చూశాం. తెరవలేదు, వచ్చేశాం."

అతను కాగితాలు అడిగాడు. బస్సు నంబరు చూశాడు. ఆ నంబరు దగ్గర చూపు ఆగిపోయింది. తర్వాత కొత్త అద్దం చూశాడు, దాని వెనక అత్తమ్మ మొహం చూశాడు. బస్సులో ఎవరూ కదల్లేదు. సంచీలో డప్పు మోగకుండా మర్తా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఈ దారి మంచిది కాదమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకు తెలుసు. నీకంటే నాకే ఎక్కువ తెలుసు."

"కనీసం కర్టెన్లయినా వేసుకోండి."

"పరామర్శకు పోయేవాళ్లు మొహాలు దాచుకోరు. దాచుకోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు."

అతను టోపీ తీసి చేత్తో నుదురు తుడుచుకున్నాడు. కాగితాలు ఖలఫ్‌కి ఇచ్చేశాడు. "నా డ్యూటీ రేపు సాయంత్రం నాలుగింటిదాకా," అన్నాడు ఎవరి వంకా చూడకుండా. "ఈలోపు తిరిగొచ్చెయ్యండి." డ్రమ్ము తనే పక్కకి దొర్లించాడు.

ముప్పై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర ఖలఫ్ బస్సు వేగం తగ్గించాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు. బస్సు తీసుకురావడానికి ఆ రోజు పోలీసులతో వచ్చింది అతనే.

"ఇక్కడేనా?" అంది అత్తమ్మ.

"ఇక్కడే పెద్దమ్మా."

దిగింది. నేనూ దిగాను. తొమ్మిది నెలలు రోజూ ఆ చోటు నా కళ్లముందు ఉండేది. నల్లటి కొండలు, పెద్ద లోయ, ఏదో ఒక భయంకరమైన ప్రదేశం. తీరా చూస్తే ఏమీ లేదు. రోడ్డు, ఇసుక, ఒక పగిలిన టైరు ముక్క, గులకరాళ్లు. మేం ఇరవైసార్లు నవ్వుకుంటూ, వేరుశనగలు తింటూ దాటిన చోటే.

అత్తమ్మ అటూ ఇటూ చూసింది. కాలితో ఇసుక కదిపింది.

"ఇంతేనా?" అంది. "దీనికేనా నేను భయపడింది?"

ఏడుస్తుందనుకున్నాను. పట్టుకుందామని చెయ్యి చాపాను కూడా. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది కానీ ఏడవలేదు. నా వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని బస్సు ఎక్కించింది. నేనే ఏడ్చాను, గట్టిగా, సిగ్గు లేకుండా. ఖలఫ్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. కాసేపు అలా అయ్యాక అత్తమ్మ వెనక్కి తిరిగింది.

"మర్తా, ఆ ఉల్లిపాయలు తియ్యి. అద్దాలన్నీ దించండి. ఎప్పుడూ పాడేది ఇక్కడి నుంచే కదా, పాడండి."

పాడాం. మొదట గొంతులు వణికాయి, తర్వాత వణకలేదు. ఆ ఎడారిలో వినేవాళ్లెవరైనా ఉంటే వినమనే పాడాం. ఖలఫ్‌కి మా పాటలు లబీబ్ పుణ్యాన సగం వచ్చు. స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశాడు.

మఠంలో ముసలి సన్యాసి, ఎముకల గొట్టం బాధ్యత ఆయనది, మమ్మల్ని చూసి చేతిలో రోలు కింద పెట్టాడు. సుగంధాలు దంచుతున్నాడు. అత్తమ్మ లోపలి గదిలోకి పోయి తొడుగు విప్పుకుని వచ్చింది. ఆయన అందుకుని, సాధువు కళ్లు చూసి తలూపాడు. నల్ల జూలు చూసి కనుబొమ్మ ఎత్తాడు. లోపలివైపు తిప్పి ఆగిపోయాడు.

"లైనింగ్ తెల్లది కదమ్మా వెయ్యాలి?"

"నా ముసుగు అది," అంది అత్తమ్మ. "మీ సాధువుని శిలువ వదలనన్నందుకు నరికారు. నా కొడుకుని చేతిమీద శిలువ ఉన్నందుకు కాల్చారు. ఒకరి పక్కన ఒకరు ఏడాది ఉంటే తప్పేంటో చెప్పండి, విప్పేస్తాను."

ఆయన చాలాసేపు ఆ నల్లగుడ్డని వేళ్లతో తడిమాడు. మర్నాడు పండగ పొద్దున గులాబీ నూనె చేతికి రాసుకుని, గొట్టం ఎత్తి, తొడుగు ఎక్కించాడు. నలుపు ఎముకల వైపు, ఎరుపు లోకం వైపు.

"పై ఏడు ముక్కలు కోసేటప్పుడు రెండు పొరలూ కలిపే కోస్తాను," అన్నాడు.

అలాగే కోశాడు. ఇప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒక ముక్క ఉంది, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు. ఖలఫ్ బస్సు అద్దానికి ఒకటి వేలాడుతుంది. అబూనా గత్తాస్ తన ముక్కని జేబులో పెట్టుకుని తిరుగుతాడు, మమ్మల్ని పంపింది తనేనని చెబుతాడు. చెప్పనీ.

ఆ ముక్కలు తెచ్చుకోవడానికి వెళ్లినరోజు, మరుసటి జులైలో, దారి ఇంకా మూసే ఉంది. మా ఏడాది తిరిగిపోయింది. అత్తమ్మ ముదురు నీలం గౌను వేసుకుంది, నాకు ఆకుపచ్చది వేయించింది. చెక్‌పోస్టు దగ్గర ఆ ఆఫీసరే ఉన్నాడు. నల్లబట్టలు లేని పదహారుమంది ఆడవాళ్లనీ, నా ఒళ్లో దాచకుండా మడతపెట్టిన ఎర్ర మఖమల్‌నీ చూశాడు. డప్పు మర్తా ఒళ్లోనే ఉంది.

"ఈసారి ఎవరు పోయారమ్మా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు నాయనా," అంది అత్తమ్మ. "పండక్కి పోతున్నాం. ఆ డ్రమ్ము పక్కకి తియ్యి."

తీశాడు.